బోర్లించని కప్పు

కప్పు అడుగున పట్టిన టీ మరక పీచుతో పోదు. వంటసోడా తడిపి వేలికి రాసుకుని, గుండ్రంగా, తొందరపడకుండా రుద్దాలి. కోడలు ఆ ఉదయం వంటింట్లో సింకు ముందు నిలబడి అదే పని చేస్తోంది. నిజానికి ఆ పని ఇవాళ లేదు. కప్పులన్నీ మొన్న సాయంత్రమే కడిగి, తుడిచి, అరలో సర్దింది. మళ్ళీ ఎందుకు దింపావని అత్తగారు అడగలేదు. అడిగినా చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

మొదటినుంచీ ఈ కథ వెంట వస్తున్నవాళ్ళకు కప్పుల సంగతి తెలుసు. ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆమె మామగారు అధ్యక్షుడిగా ఉన్న పక్షం పాత పద్ధతులు నిలబెట్టడానికి పుట్టింది. అందులో చేతులెత్తి ఓటు వెయ్యరు. ఎవరు ఎటో బయటపడితే మర్నాడు ఒకరి మొహం ఒకరు చూసుకోలేరని పక్షం పెట్టిన పెద్దలు అనుకున్నారు. అందుకని చేరిన ప్రతివాడూ తన కప్పు తనే తెచ్చుకుని అధ్యక్షుడి ఇంట్లో అరలో పెడతాడు. సమావేశం ముగిశాక అందరూ టీ తాగుతారు. ఒకరి తర్వాత ఒకరుగా లేచి, నడవలో ఉన్న బల్ల మీద కప్పు పెట్టి వెళ్ళిపోతారు. తీర్మానం ఇష్టమైనవాడు కప్పు మామూలుగా పెడతాడు, ఇష్టం లేనివాడు బోర్లిస్తాడు. ఆఖరి మనిషి గడప దాటాక ఇంటి ఆడమనిషి వచ్చి చూసి, నిలబడ్డవి ఎన్ని, బోర్లాపడ్డవి ఎన్ని అన్నంతవరకే అధ్యక్షుడికి చెప్పి, కప్పులు కడిగేస్తుంది. ఎవరి కప్పు ఎలా ఉందో ఆమె ఒక్కదానికే తెలుస్తుంది. ఎవరికీ చెప్పకూడదు. కట్టుకున్నవాడికి కూడా.

ఇంకో సంగతి. అరలోంచి ఎవరైనా తన కప్పు తీసుకుపోయాడంటే పక్షం వదిలేసినట్టే. పోయినవాళ్ళ కప్పులు పిల్లలు వచ్చి పట్టుకెళ్ళారు గానీ, బతికున్న మనిషి తన కప్పుతో ఆ ఇంటి గడప దాటింది లేదు.

ఏళ్ళ తరబడి అత్తగారే ఆ లెక్క చూశారు. ఆవిడ చేతులు వణకడం మొదలయ్యాక, మూడు కప్పులు పగిలాక, పని కోడలికి వచ్చింది. అప్పగించేటప్పుడు ఆవిడ పెద్దగా ఏమీ చెప్పలేదు. కప్పుతో పాటు చూసింది కూడా కడిగేసుకోవాలి అన్నారు. కోడలు సరేనంది. అప్పటికి అది తేలికైన పనే అనుకుంది.

మొన్నటి తీర్మానం బజారు గురించి. వారానికోరోజు బజారంతా మూసి ఉండాలన్నది పక్షం పుట్టినప్పటినుంచీ పట్టుకున్న మాట. ఆ రోజు మధ్యాహ్నం నుంచి తెరుచుకోనిస్తే, పురపాలక సంఘంలో అవతలి పక్షంవాళ్ళు మన మిగతా మాటలు వింటారని మామగారు అన్నారు. ఆయనకు మందుల షాపు ఉంది. ఎవరితోనైనా సరే, డోసు తగ్గించి మాట్లాడటం ఆయన అలవాటు. ఆయన వెనకున్నవాళ్ళను ఊళ్ళో మెత్తవాళ్ళు అంటారు. పక్షంలోనే ఆయనకు ఎదురున్నవాళ్ళు గట్టివాళ్ళు. వాళ్ళకు పెద్ద తలకాయ తూనికల ఆయన. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బజారులో ప్రతి తక్కెడా, ప్రతి రాయీ ఆయన ముద్ర పడితేనే చెల్లేది. రిటైరైనా ఆ పేరు పోలేదు. మామగారి రాజకీయం దగ్గు మందులాంటిదని, తాగడానికి తియ్యగా ఉంటుందే గానీ దగ్గు మాత్రం తగ్గదని నలుగురిలో అన్నది ఆయనే.

ఆయన కోడలికి కన్నతండ్రి.

ఆ పెళ్ళి జరిగినప్పుడు పక్షంలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వియ్యంకులయ్యాక ఇక కొట్టుకోరులే అనుకున్నారు. కొట్టుకోలేదు కూడా, మొన్నటిదాకా.

మొన్న ఒక్క కప్పు తేడాతో తీర్మానం నెగ్గింది. ఆ ఒక్క కప్పూ ఎవరిదో కోడలికి తెలుసు. తెల్లటి ఎనామిల్ కప్పు, నీలం అంచు. లోపల అంచుకు కాస్త కింద మేకుతో గీసిన సన్నటి గీత. టీ ఆ గీత దాకా పొయ్యాలి, దాటకూడదు, తగ్గకూడదు. ఆ గీత గీసుకున్నది ఆమె తండ్రే. ఆ కప్పు బల్ల మీద నిటారుగా నిలబడి ఉంది.

ఆ సాయంత్రం దాన్ని కడుగుతూ ఆమె లోపల్లోపల సంతోషపడింది. నాన్న మెత్తబడ్డాడు, మామయ్యగారి మాట విన్నాడు, నోటితో ఒప్పుకోలేక కప్పుతో ఒప్పుకున్నాడు అనుకుంది. ఆ సంతోషం ఒక్క రాత్రే నిలిచింది. తూనికల ఆయన బజారులో నిలబడి లెక్క తప్పంటున్నాడని, ఆ ఇంట్లో ఏదో జరిగిందంటున్నాడని మర్నాడు పొద్దున్నే కబురొచ్చింది. అప్పటినుంచీ ఆమెకు ఒకటే ఆలోచన. నాన్న అబద్ధమాడుతున్నాడు. లోపల ఒకటి చేసి, బయట ఒకటి అంటున్నాడు. చిన్నప్పటినుంచీ తను చూసిన మనిషి అలాంటివాడు కాదు. అలాంటివాడు కాదన్న మనిషే అలాంటివాడైతే ఇక ఎవరిని నమ్మాలో తెలియక, ఆమె సోడాతో కప్పులు రుద్దుతోంది.

గేటు చప్పుడైంది.

ఆయన ఒక్కడే రాలేదు. ప్రెస్సాయన వెనకాలే ఉన్నాడు. గట్టివాళ్ళ కరపత్రాలన్నీ అతని ప్రెస్సులోనే అచ్చవుతాయి. అతని వెనక ఇంకో ఇద్దరు. చెప్పులు వదిలి ముందుగదిలోకి వచ్చి, కూర్చోమన్నా వెంటనే కూర్చోలేదు. మామగారు షాపుకి బయల్దేరబోతున్నవారల్లా తాళంచెవుల గుత్తి మళ్ళీ మేకుకి తగిలించారు. కోడలి భర్త డ్యూటీకి అప్పటికే వెళ్ళిపోయాడు. ముందుగదికీ వంటింటికీ మధ్య ఉన్నది ఆ నడవా, ఒక కర్టెనూ మాత్రమే. మాటలు వినాలనుకోకపోయినా వినపడతాయి.

ముందు క్షేమసమాచారాలు అడిగారు. వియ్యపురాలి చేతులెలా ఉన్నాయని తూనికల ఆయన అడిగితే, మందు మార్చామని మామగారు చెప్పారు.

"బావగారూ," అన్నాడు తూనికల ఆయన, "నా వాళ్ళ దగ్గర విడివిడిగా మాట తీసుకున్నాను. ఒక్కొక్కడి కళ్ళలోకి చూసి తీసుకున్నాను. తూకం తప్పడానికి వీల్లేదు. తప్పిందంటే తక్కెడలోనే ఏదో ఉంది."

మామగారు నెమ్మదిగా, తక్కెడ అంటే ఎవరని అడిగారు. తన భార్యా, వారి అమ్మాయా?

దానికి జవాబు ప్రెస్సాయన ఇచ్చాడు. పెద్దావిడ చూసినన్నాళ్ళూ ఇలాంటి పేచీ రాలేదన్నాడు. చెయ్యి మారింది, లెక్క మారింది అన్నాడు. "కొత్తకోడలు కదండీ. మామగారి మొహం చూసి ఒక కప్పు తిరగేసి ఉంటుంది. తప్పని నేననను. మొహమాటం."

కోడలి వేలు కప్పు అడుగున ఆగింది. ఇప్పుడు నాన్న ఏమంటాడా అని వింది. ఆమె చిన్నప్పుడు పక్కింటివాళ్ళు తమ పెరట్లో జామకాయలు కోసిందని నింద వేస్తే, ఈయనే వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, కళ్ళారా చూసినవాణ్ణి తీసుకొస్తే గానీ కదలనన్నాడు. చూసినవాడు ఎవడూ రాలేదు. పక్కింటాయనే బయటికొచ్చి సారీ చెప్పాడు.

ఇవాళ ఆయన ఏమీ అనలేదు. ప్రెస్సాయన మాట అలాగే గదిలో ఉండిపోయింది.

వంటింటి మూల పీట మీద కూర్చున్న అత్తగారు కోడలి వీపు వైపు చూశారు. "నువ్వు సరిగ్గానే చూశావా?" అని గొంతు తగ్గించి అడిగారు.

"చూశానత్తయ్యా."

"అయితే నేనిక నిన్నేం అడగను."

ముందుగదిలో తూనికల ఆయన తనకు కావలసింది చెప్పాడు. రెండే దారులు. మాట తప్పినవాడి పేరు బయటపెట్టాలి. లేదంటే లెక్క తప్పని ఒప్పుకుని, తీర్మానం కొట్టేసి, మామగారు అధ్యక్ష పదవిలోంచి తప్పుకోవాలి. పేర్లు అడిగే హక్కు తనకే లేదని, మీకెలా ఉంటుందని మామగారు గట్టిగా అనవచ్చు. అనలేదు. ఎప్పటిలాగే డోసు తగ్గించారు.

"సరే, గొడవెందుకు. సాయంత్రం అందర్నీ పిలుద్దాం. నేను తప్పుకుంటున్నానని చెప్తాను. తీర్మానం సంగతి తర్వాత మీ ఇష్టం. అమ్మాయి జోలికి మాత్రం రావద్దు."

ఆ మాట నోట్లోంచి రావడమే ఆలస్యం, వెనక వచ్చిన ఇద్దరిలో ఒకడు వరండాలోకి వెళ్ళి ఫోన్లు మొదలుపెట్టాడు. సాయంత్రం సమావేశం, అందరూ రావాలి, ముఖ్యమైన విషయం. గొంతులో పండగ వినిపించకుండా ఉండటానికి పాపం చాలా కష్టపడుతున్నాడు.

అత్తగారు పీట మీదనుంచి లేవబోయి, లేవలేక గోడ పట్టుకున్నారు. "కోడలు దొంగలెక్క చెప్పింది, మామ కప్పిపుచ్చాడు అంటారు రేపు," అన్నారు. కోపంగా కాదు. రేపు కూరగాయలు తేవాలి అన్నంత మామూలుగా అన్నారు. "దీనికంటే ఆ కప్పులన్నీ నా చేతుల్లోనే పగిలిపోయుంటే బాగుండేది."

కోడలు కర్టెన్ వైపు చూసింది. ఒక్క మాట చాలు. కర్టెన్ పక్కకి తీసి ఆ ఒక్క మాటా అంటే మామగారు తప్పుకోనక్కర్లేదు, అత్తగారి ఇన్నేళ్ళ నమ్మకం నిలబడుతుంది. తండ్రి మాత్రం నలుగురి ముందూ పడిపోతాడు. పైగా చెప్పనన్న మాట తప్పినట్టవుతుంది. అనకపోతే ఈ ఇల్లు పడిపోతుంది. ఎటు చూసినా తనవాళ్ళే.

అప్పుడే ప్రెస్సాయన, మనవైపు ఎవరెవరున్నారో ఒకసారి మీ బావగారికి వినిపించండి, మనం ఊరికే అనట్లేదని తెలుస్తుంది అన్నాడు. తూనికల ఆయన వేళ్ళు ముడుస్తూ ఒక్కొక్కరినీ చెప్పుకొచ్చాడు. గోడౌన్ ఆయన. ప్రెస్సాయన. పాత స్టేషన్ మాస్టారు. టైలరు. అన్నదమ్ములిద్దరూ. అలా అందరినీ చెప్పి, ఆఖరి వేలు ముడిచి, "నేను" అన్నాడు.

కోడలు తలెత్తింది.

ఆమె తండ్రికి ఒక అలవాటుంది. అది ఆమెకూ, ఆమె తల్లికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. అబద్ధం చెప్పాల్సి వస్తే ముందు గొంతు సవరించుకుంటాడు. బయట తినొచ్చాను, ఆకలి లేదు అన్నంత చిన్న అబద్ధానికైనా సరే, ఒక పొడిదగ్గు దగ్గి గానీ చెప్పలేడు. "నేను" అన్న మాటకి ముందు దగ్గు లేదు. గోడౌన్ ఆయన పేరు చెప్పినంత తేలిగ్గా, తెరిపిగా వచ్చింది ఆ మాట.

ఆయన అబద్ధం ఆడట్లేదు. కప్పు బోర్లించాననే అనుకుంటున్నాడు.

ఆమె చెయ్యి తుడుచుకుంది. మొన్నటి సాయంత్రాన్ని మళ్ళీ మొదటినుంచీ గుర్తు చేసుకుంది. అప్పుడూ ఆమె ఇక్కడే, ఈ సింకు దగ్గరే ఉంది. నడవలోంచి తండ్రి గొంతు వినిపించింది. మనిషి నడవలోకి వచ్చేశాడు గానీ వాదన ఇంకా గదిలోనే ఉంది. వెనక్కి తిరిగి గదివైపు చూస్తూనే, ఒక్క పూట కాదు, ఒక్క గంట కూడా తెరవనివ్వను అంటున్నాడు. ఆ మాటల మధ్యలో ఎనామిల్ బల్లకి తగిలిన టక్కుమన్న చప్పుడు. అంతే, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన్ని ఎరిగినవాళ్ళకు ఇంకోటి కూడా తెలుసు. ఇన్నేళ్ళలో ఆయనకు ఏ తీర్మానానికీ కప్పు బోర్లించాల్సిన అవసరమే రాలేదు. ఇష్టంలేనిదాన్ని వాదించి వాదించి, అసలు తీర్మానం దాకా రానిచ్చేవాడే కాదు. మొన్నటిది మొదటిసారి. నోరు కాదంది. చెయ్యి మాత్రం ఎప్పుడూ చేసిందే చేసింది.

రెండు రోజులుగా గుండెల మీద ఉన్న బరువు ఆమెకు ఒక్కసారిగా దిగింది. ఆ వెంటనే ఇంకోటి వచ్చి కూర్చుంది. అబద్ధమాడిన మనిషికైతే నిజం ముందే తెలుసు. ఈయనకు ఎవరు చెప్పాలి?

కర్టెన్ కదిలింది. తండ్రి ఒక్కడే వంటింట్లోకి వచ్చాడు. వియ్యపురాలికి నమస్కారం పెట్టాడు. ఆవిడ ప్రతినమస్కారం పెట్టి, గోడ పట్టుకుని, మెల్లగా పెరటివైపు వెళ్ళిపోయారు. తండ్రీకూతుళ్ళ మధ్య ఉండకూడదనుకున్నారో, వినకూడనిది తన చెవిన పడకూడదనుకున్నారో.

"కాసిన్ని టీ నీళ్ళుంటే పొయ్యి తల్లీ," అన్నాడు ఆయన. గొంతు ఎండిపోయి ఉంది.

పొయ్యి మీద మామగారి కోసం పెట్టిన టీ ఉంది. ఆమె అప్పుడే కడిగిన కప్పుల్లోంచి నీలం అంచు కప్పు తీసి, గీత దాకా వంచి, ఇచ్చింది. ఆయన ముందు లోపలికి చూశాడు. గీతకు సరిగ్గా ఉంది. తల పంకించి తాగాడు.

తాగుతూ, ప్రెస్సాయనది నోటి దురుసు, మనసులో పెట్టుకోకు అన్నాడు. మీ మామగారు మంచివాడే, మంచితనంతో పక్షం నడవదు అన్నాడు. ఇవాళ మధ్యాహ్నం ఒక పూట తెరుద్దామంటారు, రేపు పొద్దున్నే తెరుద్దామంటారు, ఎల్లుండి మూసిన రోజేదో ఎవరికీ గుర్తుండదు అన్నాడు. అందులో పూర్తిగా తప్పని ఆమెకూ అనిపించలేదు. ఆయన మాటల్లో ఎప్పుడూ కొంత సరైనది ఉంటుంది. ఆయనతో వచ్చిన చిక్కే అది.

తర్వాత దగ్గరకు జరిగాడు.

"పేరు చెప్పమ్మా. నాకొక్కడికే. బయటికి రాదు."

"చెప్పకూడదు నాన్నా."

"నేను నీ తండ్రిని."

"అందుకే," అంది ఆమె.

ఆయనకు అది అర్థం కాలేదు. మొండితనం అనుకున్నాడు. ఆ మొండితనం తన దగ్గరనుంచి వచ్చిందేనని గుర్తొచ్చి కాబోలు, కోప్పడలేదు. చిన్నప్పుడు లెక్కలు చెప్పినట్టు ఓపిగ్గా, మెట్టు మెట్టుగా మొదలుపెట్టాడు. తను లేచేసరికి బల్ల మీద కొన్ని కప్పులు ఉన్నాయి, అన్నీ మెత్తవాళ్ళవే. ఏవి ఎలా ఉన్నాయో తను చూడలేదు, చూడటం పద్ధతి కాదు. తన తర్వాత లేచింది ప్రెస్సాయన, ఆ తర్వాత టైలరు. అనుమానం ఉంటే ఆ తర్వాతివాళ్ళ మీదే ఉండాలి.

"ఎందుకంటే నాదాకా లెక్క సరిగ్గానే ఉంది. నేను తాగేశాను, లేచాను, నడవలోకొచ్చాను, వస్తూ ఇలా బోర్లించి పెట్టాను," అంటూ ఖాళీ కప్పు గట్టు మీద పెట్టాడు. "నా వెనకాల ప్రెస్సాయన..."

కూతురు ఆయన మొహం వైపు చూడట్లేదు. గట్టు వైపు చూస్తోంది.

ఆయన కూడా అటు చూశాడు.

కప్పు నిటారుగా ఉంది. గీత పైకి కనిపిస్తోంది. అడుగున రెండు చుక్కల టీ.

ఉద్యోగంలో ఉన్నప్పుడు, తూకం తగ్గించడానికి అడుగు తొలిచిన రాయి దొరికితే ఆయన వెంటనే ఏమీ అనేవాడు కాదట. అరచేతిలో పెట్టుకుని, కాసేపు అలాగే తూచేవాడట. ఇప్పుడూ ఏమీ అనలేదు. కప్పు ఎత్తి బోర్లించాడు. రెండు చుక్కలూ గట్టు మీద పడ్డాయి. మళ్ళీ ఎత్తి మామూలుగా పెట్టాడు. ఈసారి తన చేతిని చూసుకుంటూ పెట్టాడు, అది వేరే ఎవరిదో అయినట్టు.

ఆమె అవునని తల ఊపలేదు. కాదనీ ఊపలేదు. గుడ్డ తీసుకుని గట్టు మీద చుక్కలు తుడిచింది.

"అయిందా అండీ?" ముందుగదిలోంచి ప్రెస్సాయన గొంతు. "ఏమైనా చెప్పిందా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. పొడిదగ్గు ఒకటి వచ్చింది. దగ్గు వెనకాల రావలసిన మాట రాలేదు. ఆయన నోరు మూసుకుని, భుజం మీది కండువాతో కప్పు లోపల తుడిచి, దాన్ని చేతిలో పట్టుకునే కర్టెన్ తప్పించి వెళ్ళాడు.

ఆమె నడవా చివర నిలబడింది. ముందుగదిలో మామగారు అప్పటికే లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళు ముందు చూసింది కప్పునే. "బావగారూ, అదేమిటి, ఆ కప్పు..." అని, మిగతాది అనలేకపోయారు.

"పేరు చెప్పిందన్నమాట," అన్నాడు ప్రెస్సాయన. అతని మొహంలో గెలుపు కనిపించింది. అది నిలవలేదు. కప్పు ఎందుకు బయటికి పోతోందో అతనికి అంతుపట్టలేదు. "ఎవరండీ? మనవాడేనా?"

తూనికల ఆయన గుమ్మం వైపు నడిచాడు. ప్రెస్సాయన పక్కనున్నవాడి వైపు చూశాడు. ఆ పక్కనున్నవాడు వరండాలో ఫోన్ పట్టుకుని నిలబడ్డవాడి వైపు చూశాడు. వాడు మాట్లాడుతున్న ఫోన్ మధ్యలోనే ఆపి, నావైపెందుకు చూస్తున్నారని అడిగాడు. ఫోన్‌లో అవతలివాళ్ళు సాయంత్రం ఎన్నింటికని అడుగుతున్న గొంతు సన్నగా వినిపిస్తోంది.

తూనికల ఆయన గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కున్నాడు. ఎడమ చెప్పు పట్టీ ఊడితే వంగి సర్దుకున్నాడు. అప్పుడు కూడా కప్పు కింద పెట్టలేదు. మెట్లు దిగి, గేటు తీసి, మళ్ళీ జాగ్రత్తగా గడియ పెట్టి, బజారు వైపో ఇంటివైపో ఇక్కడినుంచి తెలియని ఆ మలుపు దాకా నడిచి, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయాడు.